కోనేటి నత్తకు ఒక పక్క మట్టి వదలండి



వచ్చే నెల సర్వసభ్య సమావేశంలో మూడో అంశంగా కోనేటి పని పెట్టినారు. నాలుగు పక్కలా సిమెంటు మెట్లు, అడుగున కాంక్రీటు, పని మొదలయ్యే ముందు నీళ్ళలో మైలుతుత్తం కలిపి "నత్తలు, పురుగు పుట్ర లేకుండా చేయడం" అని నోటీసులో ఉంది. ఆ నోటీసు చూసిన రోజు నుంచి ఇది రాయాలని అనుకుంటా ఉన్నాము. మా పోస్టులు పొడుగని ఇప్పటికే పేరుంది, ఇది ఇంకొంచెం పొడుగు. ఓపికగా చదవండి. మేము మూడో అంశాన్ని పూర్తిగా వద్దనడం లేదు. మూడు పక్కలు కట్టుకోండి, ఒక పక్క మట్టిగట్టుగానే ఉంచండి, అడుగున కాంక్రీటు వద్దు, మైలుతుత్తం అసలే వద్దు. చెప్పదలచింది ఇంతే. ఎందుకో చెప్పడానికే మిగతాదంతా.

మేము చదివింది ఎస్సెల్సీ దాకా, ఆ మీద పీయూసీ, అంతా అరవ మీడియం. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరిన తరువాత స్టేషను బోర్డులు చూసి, వాల్తేరు నుంచి వచ్చే పార్సెలు చీటీలు చూసి నేర్చుకున్నవి. కాబట్టి తప్పులుంటే దిద్దండి, కోపగించుకోవద్దు.

ముందు మా తప్పు ఒకటి ఒప్పుకోవాల. పన్నెండేళ్ళ కిందట మన చత్రం వెనక ఉన్న చిన్న కుంటకు ఇదే పని చేసినాము. ఆ తీర్మానం మినిట్సు పుస్తకంలో మా చేతిరాతతోనే ఉంది. ముప్పై ఆరేళ్ళు రైల్వే లెడ్జర్లు రాసిన చెయ్యి గదా, "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని గుండ్రంగా, అందంగా రాసినాము. మొదటి ఏడు చూడముచ్చటగా ఉన్నింది. అందరం దాని ముందు నిలబడి ఫోటో దిగినాము. రెండో ఏడు నీళ్ళు పచ్చగా చిక్కబడినాయి. మూడో ఏడు చిత్తిరై ఎండకు నీళ్ళు ఇంకిపోయి అడుగు సిమెంటు పగుళ్ళిచ్చింది. ఆ తరువాత నుంచి ప్రతి ఏడూ మోటారు పెట్టి తోడడం, పాచి గీకడం, టాంకరు నీళ్ళు పోయడం. ఆ ఖర్చు లెక్కలో "ఇతరములు" అని పోతా ఉంది గనుక ఎవరూ అడగడం లేదు. ఇప్పుడు ఆ కుంటలో కప్ప లేదు, తామర లేదు, కొంగ వాలదు. నీళ్ళతొట్టి అని పిలవొచ్చు, కుంట అనడానికి లేదు.

ఆ పని చేసేటప్పుడు కూలీలు అడుగు మట్టి తవ్వి ట్రాక్టరులో ఎత్తినారు. ఆ మట్టిలో గుండ్రాళ్ళ మాదిరి గట్టిగా ఏవో తగులుతా ఉంటే ఒక పిల్లవాడు పట్టుకొచ్చి చూపించినాడు. మూత బిగించుకొని నిద్రపోతా ఉండే నత్తలు. బుట్టెడు ఉన్నాయి. "చచ్చిపోయినవి లేరా, పారెయ్యి" అన్నాము. అవి చచ్చిపోలేదని అప్పుడు మాకు తెలియదు. తెలిసి ఉంటే ఏం చేసి ఉంటామో కూడా తెలియదు.

తెలుసుకున్నది చాలా ఏండ్ల తరువాత. రిటైరైనవాళ్ళకు ఇచ్చే పాసు మీద ఒకసారి బరంపురం పోయినాము. ఒడిశాలో మన తెలుగువాళ్ళు తరాలుగా ఉండే ఊరు, మీలో చాలామందికి అక్కడ బంధుత్వాలు ఉన్నాయి. పొద్దున్నే సంతకు పోతే ఒకామె బుట్టలో నత్తలు పెట్టుకొని అమ్ముతా ఉంది. "గెండా, గెండా" అంటా ఉంది. మా ఊరి నత్తలే గదా అనుకొని, "ఇక్కడా ఇవే దొరుకుతాయా" అని మా వెంట వచ్చిన బంధువుల అబ్బాయిని అడిగినాము. ఆ అబ్బాయి కాలేజీలో జంతుశాస్త్రం చెప్తాడు. "ఇవే కాదు మామయ్యా, మీ ఊరిది వేరే, మా ఊరిది వేరే. మీకు అన్నదమ్ములు మాదిరి కనిపిస్తాయి, అంతే" అన్నాడు.

ఆ రోజు ఆ అబ్బాయి చెప్పినదీ, తరువాత మేము చదువుకున్నదీ మీకు చెప్తాము.

మన చెరువుల్లో, వరిమళ్ళలో ఉండే పెద్ద గుండ్రటి నత్తను ఇంగ్లీషులో ఆపిల్ నత్త అంటారు. శాస్త్రంలో ఆ జాతి పేరు పైలా. మేము పీయూసీలో చదివేటప్పుడు మాష్టరు బోర్డు మీద బొమ్మ వేసి, "పైలా గ్లోబోసా" అని అరవంలో రాసి బట్టీ పట్టించినారు. దేశమంతా జంతుశాస్త్రం చదివిన పిల్లలకు ఈ పేరే తెలుసు. కానీ గ్లోబోసా అనేది గంగ మైదానం, బెంగాలు, అస్సాము, ఒడిశా పక్కల నత్త. మన దక్షిణ దేశం చెరువుల్లో ఎక్కువగా ఉండేది దాని దాయాది, పైలా వైరెన్స్. లాటిన్‌లో పైలా అంటే బంతి. వైరెన్స్ అంటే పచ్చనిది. నీళ్ళలో నుంచి తీసిన మన నత్త గుల్లను ఎండలో తిప్పి చూడండి, గోధుమ వన్నె మీద పచ్చ చాయ కనిపిస్తుంది. రెండిటికీ శాస్త్రంలో పేరు పడింది ఒకే సంవత్సరం, 1822లో. ఒకదానికి ఇంగ్లండులో స్వైన్‌సన్ పేరు పెట్టినాడు. మనదానికి ఫ్రాన్సులో లమార్క్ పెట్టినాడు. అప్పటికే లమార్క్‌కు కళ్ళు పోయి ఉన్నాయి. చూపు లేని ముసలాయన మన చెరువు నత్తకు పచ్చనిది అని పేరు పెట్టినాడంటే మాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

మరి బడి పుస్తకంలో మన నత్త లేకుండా ఆ నత్త ఎట్ల ఎక్కింది? ఆ కాలంలో ఈ పరిశోధనకంతా కేంద్రం కలకత్తా. 1925లో బైనీ ప్రసాద్ గారు పైలా గ్లోబోసా శరీర నిర్మాణం గురించి పెద్ద గ్రంథం రాస్తే కలకత్తాలోని ఇండియన్ మ్యూజియం వారు అచ్చు వేసినారు. పాఠం రాసేవాళ్ళకు చేతికి అందిన నత్త అది. తిరునెల్వేలిలో చదివే పిల్లవాడూ, కోలారులో చదివే పిల్లా పరీక్షలో దాని పేరే రాయాల. ల్యాబులో కోసేది ఊరి చెరువులో పట్టుకొచ్చిన నత్తను, పేరు రాసేది ఎక్కడిదో. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. పుస్తకంలో ఉండే తెలుగు ఒకటి, మన ఇండ్లలో మాట్లాడే తెలుగు ఒకటి అని మనకు అలవాటే గదా. అందుకే ఆ సంగతి వినగానే మాకు చప్పున అర్థమైంది.

మేము చెప్పదలచిన అసలు సంగతి దాని పేరు కాదు, దాని బతుకు. అది తెలిస్తే మట్టిగట్టు ఎందుకు కావాలో మీకే తెలుస్తుంది.

ఈ నత్తకు చేపకున్నట్టు మొప్ప ఉంది, మనకున్నట్టు ఊపిరితిత్తి మాదిరి సంచి కూడా ఉంది. నీళ్ళు బాగున్నప్పుడు మొప్పతో గాలి పీల్చుకుంటుంది. నీళ్ళు చెడి ఊపిరి ఆడకపోతే పైకి తేలి, మెడ పక్కనుంచి ఒక గొట్టం చాచి బయటి గాలి పీలుస్తుంది. చిన్నప్పుడు చెరువు గట్టు మీద కూర్చొని ఈ గొట్టం చూసి "నత్త చుట్ట తాగతా ఉంది" అని నవ్వేవాళ్ళము. ఎండాకాలంలో నీళ్ళు తగ్గే కొద్దీ అది అడుగు బురదలోకి దిగిపోతుంది. గుల్ల నోటికి గట్టి మూత ఉంటుంది. ఆ మూత బిగించుకొని, తేమ పోకుండా, తిండి లేకుండా నెలల తరబడి అట్లనే పడి ఉంటుంది. వాన పడి బురద నానితే మళ్ళీ మూత తెరుస్తుంది. మన పక్క ఐప్పసి, కార్తిగై వానలకు చెరువు నిండిన వారంలోనే గట్టంతా నత్తలు కనిపించేది అందుకే. ఆకాశం నుంచి పడినాయని మా అవ్వ అనేది. ఆకాశం నుంచి కాదు, అడుగు నుంచి.

గుడ్లు పెట్టేది నీళ్ళలో కాదు. ఆడ నత్త గట్టు ఎక్కి, నీళ్ళకు కొంచెం పైన తడిమట్టిలో గుంత చేసి తెల్లటి గుడ్లు వందల లెక్కలో పెట్టి పోతుంది. గుడ్డు పగిలిన పిల్లలు మళ్ళీ నీళ్ళలోకి దిగతాయి.

ఇప్పుడు లెక్క చూడండి. దానికి కావలసినవి మూడు. ఎండాకాలం దాక్కోవడానికి అడుగున బురద. గుడ్లు పెట్టడానికి గట్టున తడిమట్టి. తినడానికి నీటిమొక్కలు. అడుగున కాంక్రీటు పోస్తే మొదటిది పోయె. నాలుగు పక్కలా మెట్లు కడితే రెండోది పోయె. మట్టి లేని చోట మొక్కలు రావు గనుక మూడోదీ పోయె. మైలుతుత్తం చల్లకపోయినా ఒకటి రెండేండ్లలో అది అక్కడ ఉండదు. మనం చంపనక్కర లేదు, ఇల్లు తీసేస్తే చాలు. రైల్వే క్వార్టర్సు ఖాళీ చేయించిన తరువాత ఒక్కొక్క కుటుంబం ఎట్ల పోయిందో మేము చూసినాము. అక్కడ ఎవరూ ఎవరినీ కొట్టలేదు.

"పోతే పోనీ, నత్తే గదా" అంటారు. ఇది అంతరించిపోయే ప్రాణి అని మేము అబద్ధం చెప్పము. దక్షిణ దేశంలో ఇంకా చాలా చోట్ల ఉంది. కానీ మన ఊరిలో ఎక్కడ ఉంది చెప్పండి. వరిమళ్ళలో మందు కొట్టీ కొట్టీ తగ్గిపోయింది. పెద్ద చెరువులో సగం ఇండ్ల ప్లాట్లయినాయి. చత్రం కుంట సంగతి పైన చెప్పినాము, అది మా చేతులమీదనే పోయింది. మిగిలింది ఈ కోనేరు. దేశమంతా ఉంది గదా అనేది మన ఊరికి సమాధానం కాదు. తెలుగువాళ్ళు దేశమంతా కోట్ల మంది ఉన్నారు, మన వీధిలో తెలుగు మాట పోతే ఏమి అని ఎవరైనా అంటే మనకు ఎట్ల ఉంటుంది?

దీనితో బతికే పక్షి ఒకటుంది. వేడందాంగల్ పోయినవాళ్ళు చూసి ఉంటారు. పెద్ద కొంగ, ముక్కు మూసినా నడుమ సందు ఉంటుంది. అరవంలో నత్తై కుత్తి నారై అంటారు. నత్తను పొడిచి తినే కొంగ అని అర్థం. బెంగాలీలో దాని పేరు శాముక్ భాంగా, అంటే నత్తను పగలగొట్టేది. ఒడియాలో గెండాలియా, ఆ పేరులోనే గెండా ఉంది. మూడు భాషల్లోనూ పక్షికి పేరు పెట్టింది నత్తను చూసే. మన కోనేటికి వానాకాలంలో రెండు మూడు వచ్చి వాలతాయి. పిల్లలు సెల్‌ఫోనుతో ఫోటోలు తీసి ఇదే గ్రూపులో పెడతారు, మీరందరూ దండాలు, పూలు పెడతారు. ఆ కొంగ మన మెట్లు చూడడానికి రాదు.

ఇంక మీరు అడగబోయే ప్రశ్నలకు వస్తాము. కమిటీ సభ్యులతో మాట్లాడినప్పుడు విన్నవే ఇవి.

మొదటిది, "నత్తలు తోటలన్నీ తినేస్తా ఉన్నాయి, వాటిని ఎందుకు కాపాడాల?" అనేది. తోటలో బొప్పాయి, బంతి, కూరపాదులు తినేది వేరే నత్త. అది ఆఫ్రికా నత్త. ఈ దేశం ప్రాణి కాదు. 1847లో బెన్సన్ అనే దొర మారిషస్ నుంచి తెచ్చి కలకత్తా తోటలో వదిలినాడు. అక్కడ నుంచి పాకి, మొక్కల కుండీలతో, కలప లోడుతో ఊరూరికీ చేరింది. కేరళలో వానాకాలం వస్తే పెద్ద బెడద. ఇది నేల మీద బతికేది. గుల్ల కోసుగా, పొడుగ్గా, చారలతో అరచెయ్యంత పెరుగుతుంది. గుల్లకు మూత ఉండదు. మన చెరువు నత్త గుండ్రంగా బంతిలా ఉంటుంది, మూత ఉంటుంది, నీళ్ళు విడిచి తోటకు రాదు. ఇంట్లో పిల్లలకు ఈ ఒక్కటి నేర్పండి: గుల్ల తిప్పి చూడు, మూత ఉందా లేదా. తోటలో దాన్ని ఏరి ఉప్పునీళ్ళలో వేయండి, మేము అడ్డం రాము. చేతికి తొడుగు వేసుకొని ఏరండి, దానిలో మనిషి మెదడుకు జబ్బు చేసే సన్న పురుగులు ఉండొచ్చు. కానీ దాని మీది కోపం కోనేటి మీద చూపించవద్దు. ఒకడు టికెట్టు లేకుండా ఎక్కితే బోగీలో అందరినీ దించరు గదా.

రెండోది, "నత్తల వల్ల పశువులకు జబ్బులు వస్తాయి" అనేది. ఇది నిజమే, కొట్టిపారెయ్యలేము. కానీ ఏ నత్త వల్ల? చక్కిలం మాదిరి చదునుగా చుట్టుకొని ఉండే చిన్న నత్త ఒకటుంది, ఇండోప్లానార్బిస్ అంటారు. ఆవులకు ముక్కులో గడ్డలు లేచి గురక పెట్టే జబ్బు దాని ద్వారా వస్తుంది. దాని పురుగు ఉన్న నీళ్ళలో దిగితే మనుషులకూ ఒళ్ళు దురద పెడుతుంది. ఇంకొకటి సన్నగా, కొనదేలి, పలచని గుల్లతో ఉంటుంది, లిమ్నియా. పశువులకు కార్జంలో జలగ పట్టేది దాని ద్వారా. ఈ రెండిటికీ మూత లేదు. ఇవి మురికినీళ్ళు కలిసే చోట, పశువులను కడిగి పేడ వదిలే చోట బాగా పెరుగుతాయి. కాబట్టి కోనేటిలోకి వచ్చే వీధి కాలువను మళ్ళించాల, పశువులను కడగడం నిలిపేయాల. ఇదే అసలు మందు. మైలుతుత్తం వేస్తే ఈ నత్తలూ చస్తాయి, ఆ నత్తలూ చస్తాయి, చేపలూ చస్తాయి. అందులోని రాగి ఆవిరై పోయేది కాదు, అడుగు మట్టిలోనే ఉండిపోతుంది. కాలువ మళ్ళించకపోతే మరుసటి ఏడు ముందు తిరిగి వచ్చేది జబ్బు నత్తే.

ఇక్కడే ఇంకొక మాట. మనలో నత్త తినేవాళ్ళు ఉన్నారు, తిననివాళ్ళు ఉన్నారు, అది ఎవరి ఇంటి సంగతి వాళ్ళది. మూలానికి మంచిదని అరవదేశంలో అమ్ముతారు, మందు అని మేము చెప్పము. తినేవాళ్ళు బాగా ఉడకబెట్టి తినండి. పచ్చిగానో, అరకొరగా ఉడికించో తింటే పైన చెప్పిన సన్న పురుగు భయం చెరువు నత్తతో కూడా ఉంది.

మూడోది, "ముసలివాళ్ళు జారిపడతారు, పిల్లలు బురదలో దిగతారు" అనేది. ఈ మాట మాకు బాగా పట్టింది. మాకే మోకాళ్ళ నొప్పి. కార్తిగై దీపాలకు తూర్పు పక్క దిగడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వస్తా ఉంది. అందుకే మూడు పక్కలా మెట్లు కట్టమంటున్నాము, నడుమ పట్టుకునేందుకు ఇనుప కమ్మి కూడా పెట్టమంటున్నాము. పడమటి పక్కన ఎవరూ దిగరు. అక్కడ చింతచెట్టు, పాత గోడ. ఆ పక్క మట్టిగట్టుగా వదిలి, ముందర కంచె వేస్తే పిల్లలకు భయం లేదు. ఒక పక్క మెట్లూ, అడుగు కాంక్రీటూ తగ్గితే ఖర్చు కూడా తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో ఇంజనీరుతో కమిటీనే లెక్క కట్టించమని కోరుతున్నాము.

ఒక నిజం కూడా చెప్పాల. నత్త ఉన్నంత మాత్రాన నీళ్ళు శుభ్రమైపోతాయని మేము అనడం లేదు. దోమలను నత్త తినదు. దోమపిల్లలను తినేది చేపలు, తూనీగ పిల్లలు. కానీ అవి బతకడానికి కావలసినదీ ఇదే మట్టీ, ఇదే మొక్కలూ. చత్రం కుంటలో దోమలు ఎందుకు ఎక్కువైనాయో అక్కడ పెళ్ళి చేసినవాళ్ళందరికీ తెలుసు.

నాలుగోది, ఇది కొంచెం ఎగతాళిగా అన్న మాట. "తెలుగు సంఘానికి నత్తతో ఏమి పని? భాష చూడండి, పెళ్ళి సంబంధాలు చూడండి, పిల్లల చదువుకు సాయం చూడండి." ఆ మాట అన్నాయన మాకు తమ్ముడు వరస, కోపం లేదు. కానీ జవాబు చెప్పాల.

ఆ మధ్య మా మనవరాలిని తీసుకొని కోనేటికి పోయినాము. ఇంగ్లీషు బడిలో మూడో తరగతి. నత్తను చూపించి "ఇది ఏమి" అంటే "స్నెయిల్" అనింది. "అరవంలో?" అంటే "నత్తై" అనింది. "మన ఇంట్లో ఏమంటాము?" అంటే ఊరుకుంది. నత్త అని మేము చెప్తే, "అదీ ఇదీ ఒకటే మాదిరి ఉంది గదా తాతా" అని నవ్వింది. అవును, ఒకటే మాదిరి ఉంది. నత్త, నత్తై. రెండు భాషలకూ ఇది పుట్టింటి మాట. మనం ఇన్ని తరాలుగా అరవంవాళ్ళ నడుమ పరాయివాళ్ళము కాము అని చెప్పడానికి దీనికంటే చిన్న సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? కన్నడంలో బసవన హుళు అంటారు. తలమీది కొమ్ములు చూసి దాన్ని బసవన్న పురుగు చేసినారు. మరాఠీలో గోగలగాయ, అక్కడ కొమ్ములు చూసి ఆవును చేసినట్టుంది. ఒడియాలో గెండా. బెంగళూరులో, పూణేలో, బరంపురంలో ఉండే మన సభ్యుల పిల్లలు ఏ మాట అంటారో మాకు తెలుసుకోవాలని ఉంది. ఇంట్లో నత్త అంటారా, వీధి మాట అంటారా? యానాం సభ్యులకు ఈ చింత లేదు, వాళ్ళ చుట్టూ అందరూ నత్త అనేవాళ్ళే.

మాట పుస్తకంతో నిలవదు. ఆ పాప నత్త అనే మాట నేర్చుకునింది చేతిలో నత్త పెట్టినాము గనుక. అది మూత మూసుకునేది చూసి భయపడి, మళ్ళీ తెరిచేదాకా కదలకుండా కూర్చునింది గనుక. ఇంటికి వచ్చి వాళ్ళమ్మతో "నత్త తలుపు మూసుకునింది" అని తెలుగులో చెప్పింది. ఆ వాక్యం ఏ క్లాసులోనూ నేర్పలేదు. మనం ఆదివారం తెలుగు క్లాసుకు బల్లలు కొన్నాము, పలకలు కొన్నాము, మంచిదే. కానీ గట్టు, బురద, మూత, నాచు, గుల్ల, కుంట, వీటన్నిటినీ సిమెంటుతో మూసేసి, ఆ మాటలను బోర్డు మీద రాసి నేర్పుతాము అంటే అది మాకు పీయూసీలో గ్లోబోసా నేర్పిన మాదిరే ఉంటుంది. చేతిలో ఒకటి, పేరు ఇంకొకటి.

కాబట్టి మూడో అంశానికి ఈ సవరణలు ప్రతిపాదిస్తున్నాము. ఎవరైనా బలపరచండి.

ఒకటి. తూర్పు, ఉత్తరం, దక్షిణం పక్కల మెట్లు కట్టవచ్చు. పడమటి గట్టు మట్టిగానే ఉండాల, ముందర కంచె వేయాల.

రెండు. అడుగున కాంక్రీటు పోయకూడదు. పూడిక తీయాలంటే ఒకేసారి అంతా కాకుండా ఒక ఏడు సగం, మరుసటి ఏడు సగం తీయాల. తీసే మట్టిలో మూత బిగించుకున్న నత్తలు కనిపిస్తే మిగతా సగంలో వేయాల.

మూడు. మైలుతుత్తం గానీ, వేరే మందు గానీ కలపకూడదు. ఆ డబ్బుతో వీధి కాలువను మళ్ళించాల.

నాలుగు. ఆదివారం క్లాసు పిల్లలను ఐప్పసి వానల తరువాత ఒక రోజు కోనేటికి తీసుకుపోవాల. ఒక పెద్దవాళ్ళు వెంట ఉండి, కనిపించిన ప్రాణులకూ మొక్కలకూ తెలుగు, అరవం పేర్లు నోటుబుక్కులో రాయించాల. దీనికి మేము వస్తాము, మోకాళ్ళు నొచ్చినా వస్తాము.

ఓటింగులో ఓడిపోతే ఓడిపోతాము, సంఘం మాట దాటము. కానీ పన్నెండేళ్ళ కిందట మాదిరి "ఏకగ్రీవంగా" అని మాత్రం ఈసారి మినిట్సులో రాయవద్దు. ఒక చెయ్యి ఎదురుగా లేచింది అని రాయండి. ఇంకొకరి చెయ్యి తోడు లేస్తే ఇద్దరని రాయండి.

సమావేశం లోపల వీలైనవాళ్ళు ఒక సాయంత్రం కోనేటి పడమటి గట్టుకు రండి. అయిదు గంటల నుంచి మేము అక్కడే ఉంటాము. గట్టు మట్టిలో తెల్లటి గుడ్లు కనిపిస్తే చూపిస్తాము. చూసిన తరువాత మీ ఇష్టం.

ఇట్లు, సంఘం పాత ఉపకార్యదర్శి, రిటైర్డు రైల్వే గుమాస్తా.